ముందు లేచినవాళ్ళ చలి

నాలుగున్నర ఇంకా కాలేదు. బొంత ముక్కు దాకా లాక్కున్నా చెవులు బయటే ఉన్నాయి, వాటి చుట్టూ దోమ తిరుగుతోంది. రాత్రి చలేస్తోందని ఫాను ఆపేశాను. ఫాను ఆగగానే దోమలు దిగాయి. పన్నెండింటికి లేచి మళ్ళీ ఒకటో నంబరు మీద ఫాను వేసి, ఆ గాలి తగలకుండా రగ్గు మీద బొంత కప్పుకున్నాను. విశాఖ వైపు వాళ్ళకి ఇదేం వింత కాదు. ఫాను చప్పుడు లేనిదే మాకు నిద్ర పట్టదు.

బొంత పెద్దమ్మ పాత చీరలతో కుట్టింది. పైన ముదురాకుపచ్చ నేత చీర. అంచులో కుట్టు ఊడిన చోట వేలు పెడితే లోపల గులాబీ రంగు వాయిలు చీర మెత్తగా తగులుతుంది. ఆ చిరుగులోంచే చలి దూరుతోందనుకున్నాను గానీ, కాదు. కిటికీ పైన గోడకి సిమెంటు జాలీ ఉంది. వేసవిలో వేడిగాలి పోవడానికి పెట్టించింది. దానికి మూత లేదు. తలుపు కింద రెండు వేళ్ళ సందు. కింద మొజాయిక్ గచ్చు, ఏప్రిల్‌లో చాప కూడా లేకుండా పడుకోవాలనిపించే గచ్చు, ఇప్పుడు కాలు పెడితే జివ్వున పైకి లాక్కునేలా ఉంది. ఈ ఇంట్లో ప్రతిదీ ఎండకి భయపడి కట్టిందే. చలి కోసం కట్టినది ఏదైనా ఉందా అని చీకట్లో వెతుక్కుంటూ పడుకున్నాను. ఒక్కటీ తట్టలేదు.

ఫోన్‌లో పద్నాలుగు డిగ్రీలు. ఢిల్లీవాళ్ళు నవ్వుకుంటారు, నవ్వుకోనివ్వండి. మైదానాల్లో కనిష్ఠం 10 డిగ్రీలకు దిగితేగాని వాతావరణ శాఖ చలిగాలుల మాటెత్తదు. సముద్ర తీరానికి మాత్రం ఆ గీత 15 దగ్గరే గీసింది. మామూలు కంటే నాలుగున్నర డిగ్రీలు తగ్గి, 15కో అంతకంటే కిందికో దిగితే తీరంలో అది చలిగాలే. ఏడాదిలో పది నెలలు చెమటలో నానే ఒంటికి పద్నాలుగంటే ఏమిటో ఆ లెక్క రాసినవాళ్ళకి తెలుసు.

గుళ్ళో మైకు మోగింది. ధనుర్మాసం. దానికంటే ముందే ఇంకో చప్పుడు మొదలయింది, వాకిట్లో చీపురు. తర్వాత నేల మీద నీళ్ళు ఛళ్ళున పడ్డ చప్పుడు. వదిన లేచింది.

తువ్వాలు తలకి చుట్టుకుని గడప దాటాను. వీధి దీపం చుట్టూ మంచు పిండి చల్లినట్టుంది. ఎదురింటి డాబా కనిపించడం లేదు, వాళ్ళ తులసికోట దగ్గర దీపం మాత్రం కనిపిస్తోంది. వదిన కళ్ళాపి చల్లి ముగ్గు మొదలుపెట్టింది. పాత స్వెట్టరు మీద చీర కొంగు బిగించింది, కాళ్ళకి చెప్పుల్లేవు, మడమలు పగిలి గీతల్లోకి తడి మట్టి దిగింది. పదిహేను చుక్కల ముగ్గు. ఆరో వరుసకొచ్చేసరికి చుక్కలు వంకర పోయాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పిండి నిలవడం లేదు, వేళ్ళు మొద్దుబారాయి. ముగ్గు గిన్నె కింద పెట్టి, చెయ్యి చంకలో పెట్టుకుని, కాసేపలాగే నిలబడింది. మళ్ళీ వంగింది.

"ఎండొచ్చాక వెయ్యొచ్చు కదా వదినా?"

"ఎండొచ్చీదాకా కూకుంటే పిల్లలకి కేరేజీలు ఎవలు కడతారు?" అంది తలెత్తకుండానే.

తర్వాత అంట్లు. పెరట్లో కుళాయి తిప్పితే వచ్చేవి డాబా మీది నల్లటి ట్యాంకు నీళ్ళు. రాత్రంతా ఆకాశం కింద ఉన్న నీళ్ళు. చెయ్యి పెట్టి చూశాను, కొరికేశాయి. ఆ నీళ్ళలో వదిన గిన్నెలు తోముతోంది, కొబ్బరి పీచుతో. మధ్యమధ్యలో చేతులు దులుపుకుంటోంది. వేడి నీళ్ళు ఉన్నాయి గానీ అవి ఆవిడకి కాదు. స్నానాల గదిలో ప్లాస్టిక్ బకెట్‌లో హీటర్ రాడ్డు వేలాడుతోంది. ఆ నీళ్ళు వరసగా పెదనాన్నకి, పిల్లలకి, నాకు. పెద్దవాడు వేడి చూద్దామని వేలు చాపాడో లేదో వదిన ఇక్కణ్ణుంచే అరిచింది. "స్విచ్చి ఆపీ! ప్లగ్గు పీకీ! అప్పుడు ముట్టుకో!" వాడు పీకాడు. చలి రోజుల్లో ఇంట్లో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ ఇనప చుట్టే, అందులోనూ బకెట్టు ఇనపదైతే ఇక చెప్పక్కర్లేదు.

పెరటి చివర పెద్దమ్మ మంటేసింది. తాటి మట్టలు, కొబ్బరి డొక్కలు, ఎండు చెరుకాకు. చెరుకాకు భగ్గున అంటుకుని వెంటనే ఆరిపోతుంది, డొక్క నిలకడగా కాలుతుంది. రాత్రి బూడిదలో ముడుచుకు పడుకున్న కుక్క లేవాల్సొచ్చి విసుక్కుంటూ రెండడుగులు జరిగి మళ్ళీ పడుకుంది. దాని వీపు మీద బూడిద తెల్లగా.

"ఏటిరా, అప్పుడే లెగిసిపోయావు? రా, కాసుకో."

పక్కనే మంకీ క్యాపులో పెదనాన్న. ముఖంలో కళ్ళూ మీసమూ తప్ప ఇంకేం కనిపించడం లేదు. ఆయనకి చలంటే కోపం లేదు. "ఈ సలి పడితేనే మావిడికి పూత," అన్నాడు. అది నిజమే, రాత్రిళ్ళు చల్లగా ఉంటేనే మామిడి పూతకొస్తుంది. ఆయన భయం మంచు గురించి. మంచు ఎక్కువైతే పూతకి బూడిద తెగులు, తేనెమంచు పురుగు. రెండుసార్లు ఆకాశం కేసి చూశాడు, అక్కడ చూడ్డానికేం లేకపోయినా. రాత్రిళ్ళు గదిలో కుంపటి పెట్టుకుంటానని ఆయన గొడవ. వదిన పెట్టనివ్వడం లేదు. మూసిన గదిలో బొగ్గుల విషవాయువుకి వాసనా ఉండదు, రంగూ ఉండదు. నిద్రలో ఉన్నవాడికి లేచే అవకాశం ఇవ్వదు. ఈ విషయంలో నేను వదిన వైపే.

మంట దగ్గర కూర్చుంటే ముందు కాలుతుంది, వెనక వణుకుతుంది. మా చిన్నప్పుడు వెనక కూడా వెచ్చగా ఉండే చోటు ఒకటుండేది, బెల్లం వండే పొయ్యి. అనకాపల్లి బెల్లం ఊరికే పేరు తెచ్చుకోలేదు, ఈ చుట్టుపక్కల పల్లెల్లో సంక్రాంతి ముందు చెరుకు నరికితే రాత్రింబవళ్ళు పెనం ఉడుకుతూనే ఉండేది. పొయ్యిలోకి చెరుకు పిప్పి ఎగదోసే మనిషి చొక్కా లేకుండా ఉండేవాడు, పది గజాల అవతల మేము పళ్ళు టకటకలాడిస్తూ నడిచొచ్చేవాళ్ళం. ఆ పొయ్యి గుంట గోడకి వీపు ఆనిస్తే ఎముకల దాకా వేడి దిగేది. తేరిన నురగని గరిటెతో తీసి పారేసేవాళ్ళు. ఇంకాస్త ఉడికాక, పాకం ముదిరే ముందు, చెరుకు ముక్క చివర ముంచి ఇచ్చేవాళ్ళు. నాలిక కాలేది. ఊదుకుని మళ్ళీ పెట్టుకునేవాళ్ళం. ఇప్పుడా పొయ్యిలు వెతుక్కోవాలి.

పాలకని జంక్షన్ దాకా వెళ్ళాను. పెందుర్తి, చోడవరం, అనకాపల్లి రోడ్లు కలిసే చోటు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు మా సబ్బవరం విశాఖ జిల్లా నుంచి అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది గానీ, బతుకుతెరువు ఇంకా విశాఖ వైపే. కూరగాయల ఆటో ఒకటి వంకాయల బస్తాల మీద ఇద్దరు ఆడవాళ్ళని ఎక్కించుకుని రైతుబజారుకి బయల్దేరింది. వాళ్ళిద్దరూ ఒకే దుప్పటి కప్పుకున్నారు. పరవాడ ఫార్మా కంపెనీల బస్సు కోసం నిలబడ్డ కుర్రాళ్ళు బళ్ళు స్టాండులో పెట్టేసినా హెల్మెట్లు తియ్యలేదు, టోపీకి టోపీ. టీ కొట్టు దగ్గర ఒకాయన రెండు చేతుల్తో గ్లాసు పట్టుకున్నాడు, తాగడం లేదు. చల్లారేదాకా అలాగే పట్టుకుని, అప్పుడు ఒక్క గుక్కలో తాగేసి, ఇంకో టీ చెప్పాడు.

ఇక్కడి నుంచి సముద్రం పాతిక కిలోమీటర్లు కూడా ఉండదు. అయినా బీచ్ రోడ్డు పొద్దుటికీ సబ్బవరం పొద్దుటికీ చాలా తేడా. సముద్రం పగటి వేడిని తొందరగా వదలదు, దాని ఒడ్డునున్న వాల్తేరు ఆ వేడిలో వాటా తీసుకుంటుంది. ఇక్కడ మబ్బు లేని రాత్రి నేల తన వేడంతా ఆకాశానికి ఇచ్చేస్తుంది. ఉత్తరం నుంచి పొడిగాలి వస్తుంది. మంటల పొగ పైకి పోదు, తాటిచెట్టు నడుము దగ్గర పక్కకి పరుచుకుని ఆగిపోతుంది. ఆ పొగలో ఎవరో టైరు ముక్క కూడా వేశారు. చలికి వేసుకున్న మంటే పక్కింటి ముసలాయన దగ్గుకి కారణమవుతుందని చెప్తే వినేవాళ్ళేరి.

ఏడవుతుండగా అన్నయ్య వచ్చాడు. స్టీల్‌ప్లాంటులో రాత్రి షిఫ్టు. పని బ్లాస్ట్ ఫర్నేసుల దగ్గర. ఆ కొలుములకి అక్కడ గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. 1,400 డిగ్రీలు దాటిన ఇనుము ఎర్రగా పారే చోట రాత్రంతా చెమటోడ్చి, ఆ చెమట ఒంటిమీద ఆరకుండానే కూర్మన్నపాలెం గేటు దగ్గర బండెక్కుతాడు. బండి దిగాక హ్యాండిలు పట్టుకున్న వేళ్ళు చాలాసేపు విప్పుకోలేదు. తర్వాత చొక్కా గుండీలు తీసి లోపల్నుంచి పేపరు బయటకి లాగాడు. గాలి గుండెకి తగలకుండా రోజూ పేపరు మడిచి పెట్టుకుంటాడట. నా చేతిలో పెడితే అది గోరువెచ్చగా ఉంది.

మొదటి పేజీలో లంబసింగి. సముద్రానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, చింతపల్లి మండలంలో ఉన్న ఊరు. దానికి కొర్రబయలు అని ఇంకో పేరుంది, బయట ఉన్నవాడు కొయ్యలా బిగుసుకుపోతాడని అర్థం చెబుతారు. డిసెంబరు, జనవరుల్లో అక్కడా పాడేరులోనూ అరకులోనూ ఉష్ణోగ్రత ఒంటి అంకెకి దిగడం ఏటా ఉన్నదే. ఫోటోలో కొత్త జర్కిన్లు వేసుకున్న పర్యాటకులు మంచులో సెల్ఫీలు తీసుకుంటున్నారు. సబ్బవరం పేరు పేపర్లో ఎక్కడా లేదు, ఉండదు కూడా. పద్నాలుగు వార్త కాదు.

వంటింట్లో అసలు కథ వేరే నడుస్తోంది. ఇడ్లీ పిండి పులవలేదు. రాత్రి ఎంత పోసిందో గిన్నెలో అంతే ఉంది, వేలు పెడితే రాయిలా చల్లగా. వదిన ఒక్క నిమిషం ఆలోచించి మూకుడు పొయ్యి మీద పెట్టి దిబ్బరొట్టె పోసేసింది. పులవకపోయినా దిబ్బరొట్టెకి ఢోకా లేదు, పైన ఎర్రటి పెళుసు, లోపల మెత్తన. పెరుగు సగమే తోడుకుంది. ఇవాళ్టి నుంచి పాలు ఇంకాస్త వేడిగా ఉండగా తోడేసి, గిన్నెని హాట్‌బాక్సులో పెట్టి తువ్వాలు చుట్టాలని తనలో తనే అనుకుంది. కొబ్బరినూనె సీసాలో తెల్లగా గడ్డకట్టింది. అది 24 డిగ్రీల దగ్గరే గట్టిపడుతుంది, పద్నాలుగులో చెంచా వెనక వైపు పెట్టి పొడిచినా రావడం లేదు. చిన్నదానికి జడ వెయ్యాలి, బడికి టైమవుతోంది. వదిన సీసాని పొయ్యి గట్టు మీద పెట్టింది, రొట్టె తిప్పింది, సీసా తిప్పింది. ఆవిడ చేతి వేళ్ళు అప్పటికీ పాలిపోయే ఉన్నాయి. ఉదయం నుంచి ఆవిడకి మొదటి వేడి తగిలింది ఈ పొయ్యి దగ్గరే.

అంతా తిన్నాక ఆ మూకుడూ గిన్నెలూ మళ్ళీ కుళాయి కిందికి వచ్చాయి. ఈసారి పెద్దమ్మ ఊరుకోలేదు.

"ఆ టేంకీ నీల్లు ఒగ్గీవే తల్లీ. నుయ్యుంది కదా."

నుయ్యి మీద ఇనప జాలీ వేసి చాలా ఏళ్ళయింది. బోరు వేశాక దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అన్నయ్యా నేనూ జాలీ పక్కకి లాగాం. పెద్దమ్మ చేద వేసింది, ఆ వయసులో, తాడుని చేతులు మార్చి మార్చి లాగుతూ. చేద గట్టు మీదికొచ్చింది. నీళ్ళ మీద సన్నగా ఆవిరి లేస్తోంది. చిన్నది పరిగెత్తుకొచ్చి అరిచేతులు ముంచి "నాన్నమ్మా, కాచినావా?" అంది.

ఎవరూ కాచలేదు. నేల లోపలి నీటికి ఎండాకాలం, చలికాలం తేడా పెద్దగా తెలీదు. ఏడాది పొడుగునా దాదాపు ఒకే వేడి మీద ఉంటుంది. వేసవిలో చల్లగా, ఇప్పుడు వెచ్చగా అనిపించేది మన చేతికే. బోరు నీళ్ళూ అంతే, మోటారు వెయ్యగానే గోరువెచ్చగానే వస్తాయి. మనమే వాటిని డాబా ఎక్కించి, నల్లటి ట్యాంకులో రాత్రంతా చల్లార్చి, పొద్దున్నే అంట్లు తోమే మనిషి చేతి మీదికి వదులుతున్నాం.

వదిన చేద నీళ్ళలో రెండు చేతులూ మణికట్టు దాకా ముంచి కాసేపు తియ్యలేదు.

మీ ఇంట్లో బోరుంటే, ట్యాంకుకెక్కే పైపుకి కిందే ఒక కుళాయి పెట్టించండి, అంట్లు తోమే చోటు పక్కన. సంక్రాంతికి సున్నాలు వేయించేటప్పుడే ప్లంబరుకి చెప్పండి, రెండు గంటల పని.