ఉప్పాడ హద్దురాళ్లు

మా ఉప్పాడ చరిత్ర రాయాలంటే ఊరు ఎక్కడెక్కడ ఉండేదో ముందు తేల్చుకోవాలి. పెద్దవాళ్లను అడిగితే సముద్రం వైపే చెయ్యి చాపుతారు. "అదిగో ఆ బోటు కనపడతంది చూడండి, దానికి కాస్త ఇవతల మా పెదనాన్నగారి ఇల్లుండేదండి" అంటారు. గుడి, మంచినీళ్ల బావి, సరుగుడు తోట, పాత రోడ్డు అన్నీ అటే చూపిస్తారు.

2020 నవంబరులో నివర్ తుపాను వెళ్లాక ఇక్కడి ఇసుకలో బంగారు రజను దొరుకుతోందని జనం ఒడ్డంతా జల్లెడ పట్టారు. పత్రికలు దాన్ని వింతగా రాశాయి. ఇల్లు కట్టేటప్పుడు పునాదిలో చిన్న బంగారు తునక వేయడం మనవాళ్ల ఆచారం. ఇన్ని పునాదులు కడలిలో కలిసిన చోట కెరటాలు ఆ తునకలనే బయటికి తెస్తున్నాయని మా పెద్దల మాట. ఆ మాట నాకు నమ్మదగిందిగానే తోస్తుంది.

కోతకు కారణం ఒక్కటి కాదు. తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. గోదావరి తెచ్చిన ఇసుక అలా నడిచి కాకినాడ ఎదుట పదహారు కిలోమీటర్లకు పైగా పొడవున్న దిబ్బగా పెరిగింది. అదే హోప్ ఐలాండ్. కాకినాడ రేవుకు అది పెట్టని కోట. దానికి ఉత్తరాన ఉన్న మాకు మాత్రం రావాల్సిన ఇసుక అక్కడే ఆగిపోతోంది. దిబ్బ కొసను చుట్టి వచ్చే కెరటాల తాకిడి కూడా మా ఒడ్డు మీదే.

నది తెచ్చే ఒండ్రు కూడా తగ్గింది. ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులు హేమమాలిని, నాగేశ్వరరావు 2004లో ప్రచురించిన లెక్క ప్రకారం, గోదావరి ఏటా సముద్రానికి మోసే ఒండ్రు 1970లలో సుమారు 15 కోట్ల టన్నులు, 1990లలో 6 కోట్ల టన్నుల లోపు. తక్కినది ఎగువ ఆనకట్టల వెనక నిలిచిపోతోంది. ఇలా బలహీనపడిన ఒడ్డు మీదికి వేడెక్కిన సముద్రం వస్తోంది. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. చదునైన తీరంలో అది చిన్న పెరుగుదల కాదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను ఎక్కడో నరసాపురం దగ్గర తీరం దాటితే ఇక్కడ మా బీచ్ రోడ్డు కోసుకుపోయింది. మన తీరంలో తుపాను కేంద్రానికి ఉత్తరాన గాలి సముద్రం మీది నుంచి ఒడ్డుకు కొడుతుంది, నీటిని నేల మీదికి నెడుతుంది.

వీటిలో ఏది ఎంత తింటోందో తేల్చాలంటే నేల మీద కొలవాలి. ఒక గట్టి రాయిని ఆధారంగా పెట్టుకుని, అక్కడి నుంచి నీటి అంచు దాకా అయిదేసి మీటర్లకు ఎత్తు చూసి రాసుకుంటారు. దాన్నే బీచ్ ప్రొఫైల్ అంటారు. ఒక్కసారి కొలిస్తే చాలదు. తుపానుకు పోయిన ఇసుకలో కొంత నెలల తర్వాత తిరిగొస్తుంది. తుపాను మర్నాడు వచ్చి చూసినవాడు అంతా పోయిందంటాడు, వేసవిలో వచ్చినవాడు ఏమీ కాలేదంటాడు. ఏళ్ల తరబడి అవే నెలల్లో, అదే రాయి దగ్గర కొలిస్తేనే వచ్చిపోయే ఇసుక ఏదో, ఇక రాని ఇసుక ఏదో విడిపోతుంది. ఉపగ్రహ చిత్రం ఒడ్డు గీతను చూపిస్తుంది గానీ ఇసుక ఎంత మందాన పోయిందో సులువుగా చెప్పదు.

గోడల సంగతీ ఆ కొలతలే చెప్పాలి. 2010 ప్రాంతంలో ఇసుక నింపిన పెద్ద సంచులతో ఇక్కడ జియోట్యూబ్ గోడ కట్టారు. కొన్నాళ్లు కాసింది, తర్వాత దెబ్బతింది. దాని మీదా, రోడ్డు పక్కనా బండరాళ్లు పోస్తూనే ఉన్నారు. రాయి వెనకున్న ఇల్లు ఆ ఏటికి నిలుస్తుంది, కాదనను. కానీ రాతికి కొట్టుకున్న కెరటం దాని ముందున్న ఇసుకను లాక్కుపోతుంది, గోడ ఆగిన చోట పక్క పేటను కోస్తుంది. సూరాడపేట, మాయాపట్నం వాళ్లకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.

ఇసుక పోతే ఒక బతుకూ పోతుంది. ఒడ్డు నుంచి లాగే అలివి వలకు రెండు వైపులా జనం వరసగా నిలబడేంత మెత్తటి నేల కావాలి. రాళ్ల మీద ఆ వల లాగలేరు. ఎంత కోత పడిందో లెక్కేసేవాళ్లు ఇళ్లను రాస్తున్నారు, వల లాగే చోటును రాయడం లేదు. అది నన్ను బాధపెడుతుంది.

మా పాత గ్రామ పటంలో సర్వే నంబర్లున్న నేల కొంత ఇప్పుడు నీళ్లలో ఉంది. ఆ పటాన్ని పెద్దవాళ్ల ముందు పరిచి, గుడి, బావి, వల లాగిన చోటు ఒక్కొక్కటీ గుర్తు పెట్టించుకోవాలి. వాళ్లున్నప్పుడే ఆ పని జరగాలి. ఆ గుర్తుల నుంచి నేటి ఒడ్డు దాకా మన హైస్కూలు పిల్లలే కొలవగలరు. ఒక టేపు, ఒక లెవెలు, ఒక నోటు పుస్తకం చాలు. తుపానుల ముందు సెప్టెంబరులో ఒకసారి, అవి దాటాక జనవరిలో ఒకసారి కొలిచి, ఆ లెక్కను పంచాయతీ గోడ మీద అందరూ చదివేలా రాయాలి.