బొమ్మలో ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? – డిజిటల్ ఫొటో కుదింపు కథ

మన సంఘ సభ్యులలో సెల్‌ఫోను లేనివారు ఇప్పుడు అరుదు. జీవన ప్రమాణ పత్రం మొదలుకొని మనుమడి పుట్టినరోజు ఫొటో వరకు అన్నీ అందులోనే జరిగిపోతున్నాయి. అయితే "ఫొటో సైజు ఎక్కువగా ఉన్నది" అని దరఖాస్తు తిరిగి వచ్చినప్పుడో, మిత్రుడు పంపిన గ్రూపు ఫొటోలో ముఖాలు అలుక్కుపోయి కనిపించినప్పుడో విసుగు చెందని పెన్షనరు ఉండడు. ఈ ఫొటో కుదింపు వెనుక అర్ధ శతాబ్దానికి మించిన చరిత్ర ఉన్నది. ఫైళ్లు కట్టిన చేతులకు ఆ చరిత్ర ఇట్టే అర్థమవుతుంది.

రెవెన్యూ కచేరీలలో పనిచేసిన మిత్రులకు డిస్పోజల్ పద్ధతి గుర్తుండే ఉంటుంది. ఫైలు ముగిసిన తరువాత దానిపై ఆర్.డిస్. అని వేస్తే శాశ్వతంగా భద్రపరచవలసినది. ఎల్.డిస్. అని వేస్తే కొద్దికాలం ఉంచి నాశనం చేయదగినది. అన్ని కాగితాలూ ఉంచుకుంటే రికార్డు రూము చాలదు. అన్నీ తీసేస్తే రేపు హక్కు నిరూపించుకునే దారి ఉండదు. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చడమే అసలు పని. ఫొటో కుదింపులో జరిగేది కూడా సరిగ్గా ఇదే.

చుక్కల లెక్క

1957లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థలో రస్సెల్ కిర్ష్ అనే ఇంజనీరు తన మూడు నెలల కుమారుడి ఫొటోను కంప్యూటరులోకి ఎక్కించారు. స్కానరు ద్వారా కంప్యూటరులోకి వెళ్లిన తొలి ఫొటో అదే. అడ్డం 176, నిలువు 176, అనగా మొత్తం 30,976 చుక్కలు. 1975లో కొడాక్ కంపెనీలో స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమేరా 100 చుక్కల వెడల్పు, 100 చుక్కల ఎత్తు గల బొమ్మ తీసేది. ఆ ఒక్క బొమ్మను క్యాసెట్ టేపు మీద నమోదు చేయడానికి 23 సెకన్లు పట్టేది.

ఈనాటి మామూలు ఫోను తీసే ఫొటోలో అడ్డం 4,000, నిలువు 3,000, అనగా ఒక కోటి ఇరవై లక్షల చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్కకు ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చెప్పే మూడు అంకెలు కావాలి. ఆ లెక్కన ఉన్నదున్నట్లు దాస్తే ఒక్క ఫొటోకే సుమారు 36 ఎం.బి. పడుతుంది. కాని మన ఫోనులో అది మూడు, నాలుగు ఎం.బి.లలోనే ఇమిడిపోతున్నది. తక్కినదంతా ఏమైంది?

భారతీయులు పుట్టించిన సూత్రం

ఈ ప్రశ్నకు జవాబు చెప్పినవారిలో ముఖ్యులు మనవారే. బెంగుళూరులో పుట్టి, అక్కడే ఇంజనీరింగు చదివి అమెరికా వెళ్లిన నాసిర్ అహ్మద్, కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా ఉండగా 1972లో ఒక గణిత పద్ధతిపై పరిశోధనకు నిధులు కోరారు. అమెరికా జాతీయ విజ్ఞాన సంస్థ నిరాకరించింది. ఆలోచన మరీ సులువుగా ఉన్నదని పరిశీలకులలో ఒకరు అభిప్రాయపడ్డారట! ఆయన వదలలేదు. తన విద్యార్థి టి. నటరాజన్, మిత్రులు కె.ఆర్. రావుగార్లతో కలిసి 1974 జనవరిలో ఆ పద్ధతిని ప్రచురించారు. దాని పేరు డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్, పొట్టిగా డి.సి.టి.

ఈ రావుగారి పూర్తి పేరు కామిశెట్టి రామమోహనరావు. పేరే చెబుతున్నది తెలుగు ఇంటిదని. మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1966 నుంచి ఆర్లింగ్టన్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు బోధించి, 2021లో కీర్తిశేషులైనారు. మనం రోజూ పంపుకునే ఫొటోల వెనుక ఇంతటి వారి కృషి ఉన్నదని మనలో ఎందరికి తెలుసు?

పద్ధతి స్థూలంగా ఇది. బొమ్మను ఎనిమిదికి ఎనిమిది, అనగా 64 చుక్కల గడులుగా విడదీస్తారు. ప్రతి గడిలోని 64 అంకెలను మరో రకం 64 అంకెలుగా మారుస్తారు. వాటిలో మొదటిది ఆ గడి మొత్తం మీద ఎంత వెలుగు ఉన్నదో చెబుతుంది. తరువాతివి నిదానంగా మారే నీడలను, చివరివి అతి సన్నని గీతలను, నలకలను చెబుతాయి. ఇంతవరకు పోయినదేమీ లేదు, వర్గీకరణ మాత్రమే. ఇక్కడే గుమాస్తా పని మొదలవుతుంది. మన కంటికి పెద్ద నీడలు బాగా తెలుస్తాయి, సన్నని నలకలు అంతగా తెలియవు. కనుక మొదటి అంకెలను జాగ్రత్తగా ఉంచి, చివరివాటిని మోటుగా గుండుగుత్తకు సరిచేస్తారు. చాలావరకు సున్నాలైపోతాయి. గ్రూపు ఫొటోలో వెనుక ఉన్న సున్నం గోడను తీసుకోండి. దాని గడులలో ఒకటి రెండు అంకెలు తప్ప తక్కినవన్నీ సున్నాలే. రంగుల తేడాను కన్ను వెలుగు తేడా అంత నిశితంగా పట్టలేదు గనుక రంగుల వివరాలను ఇంకా తగ్గిస్తారు.

మిగిలిన అంకెలను 1952లో డేవిడ్ హఫ్‌మన్ ప్రచురించిన పద్ధతిలో రాస్తారు. తరచుగా వచ్చేదానికి పొట్టి గుర్తు, అరుదుగా వచ్చేదానికి పొడుగు గుర్తు. తంతి శాఖలో పనిచేసినవారికి ఇది కొత్త కాదు. మోర్స్ కోడ్‌లో ఎక్కువగా వచ్చే 'ఇ' అక్షరానికి ఒక్క చుక్కే కదా!

1986లో అంతర్జాతీయ నిపుణుల సంఘం ఒకటి ఏర్పడి, ఈ డి.సి.టి. ఆధారంగా 1992లో ఒక ప్రమాణాన్ని ఖాయం చేసింది. ఆ సంఘం పేరులోని మొదటి అక్షరాలే జె.పి.ఇ.జి. మన ఫొటోల చివర కనిపించే 'జెపెగ్' అదే.

మనకు పనికివచ్చే సంగతులు

మొదటిది: చుక్కల సంఖ్య తగ్గించడం వేరు, కుదించడం వేరు. ముందు అవసరమైన మేరకు కత్తిరించి, తరువాత కొలత తగ్గించి, చివర కుదించాలి. ఒక దరఖాస్తుకు 50 కె.బి. లోపు ఫొటో అడిగారనుకుందాం. కోటి ఇరవై లక్షల చుక్కల ఫొటోను అలాగే 50 కె.బి.లోకి దూర్చాలంటే ముఖం గడులు గడులుగా చెదిరిపోతుంది. అదే ముఖం వరకు కత్తిరించి, 350 చుక్కల వెడల్పు, 450 చుక్కల ఎత్తుకు తగ్గిస్తే 50 కె.బి.లోనే ఫొటో చక్కగా ఉంటుంది.

రెండవది: తెర మీద చూసుకునేందుకు 1,600 చుక్కల వెడల్పు ధారాళంగా చాలు. కుదింపులో నాణ్యత అంకె అడిగితే 80, 85 మధ్య ఉంచితే కంటికి తేడా తెలియదు. అచ్చుకు మాత్రం అంగుళానికి 300 చుక్కలు కావాలి. ఆరు అంగుళాలకు నాలుగు అంగుళాల ఫొటోకు 1,800 కు 1,200 అన్నమాట.

మూడవది: సర్వీసు రిజిస్టరు పుట, పెన్షను ఉత్తర్వు వంటివాటిని గట్టిగా కుదించిన జెపెగ్‌లో దాచితే అక్షరాల అంచుల చుట్టూ మరకలు ఏర్పడతాయి. 1996లో వచ్చిన పి.ఎన్.జి. పద్ధతి ఏమీ పారేయకుండానే కుదిస్తుంది. అక్షరాలకు అదే మేలు.

నాలుగవది, అతి ముఖ్యమైనది: జెపెగ్‌లో తీసేసినది మళ్లీ రాదు. ఫొటోను తెరిచి, మార్చి, మళ్లీ దాచిన ప్రతిసారీ మరికొంత పోవచ్చు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే అది తనంతట తానే తగ్గించి పంపుతుంది. ఒక చేతి నుంచి మరో చేతికి మారి వచ్చిన ఫొటో చాలాసార్లు ఎల్.డిస్. అయిన ఫైలు వంటిది. అసలు ఫొటో చేరాలంటే 'డాక్యుమెంట్'గా పంపాలి.

ఈ మాట ఇంత నొక్కి చెప్పడానికి కారణం ఉన్నది. మన కార్యాలయాల పాత గ్రూపు ఫొటోలు, బదిలీ వీడ్కోలు ఫొటోలు ఎన్నో ఇళ్లలో ఒక్కొక్క ప్రతిగానే మిగిలి ఉన్నాయి. ఫోనులో ఉన్నది కదా అని కాగితం ఫొటోను పాత సామాన్లతో పాటు పారేస్తున్నారు. ఆ ఫోనులో ఉన్నది నలుగురు పంపగా వచ్చిన చిన్న నకలు. అందులో వెనుక వరుసలో నిలబడిన అటెండరు ముఖం పది చుక్కల వెడల్పు కూడా ఉండదు. అతని కుటుంబానికి అదొక్కటే ఫొటో కావచ్చు. ఇప్పుడు కృత్రిమ మేధ అలాంటి ముఖాన్ని స్పష్టంగా చేసి చూపిస్తున్నది. అయితే అది పోయినదాన్ని తెచ్చి ఇవ్వదు, ఊహించి గీస్తుంది. పోయిన ఫైలు స్థానంలో తోచినది రాసిపెడితే మనం రికార్డు అని ఒప్పుకున్నామా?

కనుక మిత్రులకు నా మనవి. పాత ఫొటోలను అంగుళానికి 600 చుక్కల చొప్పున స్కాన్ చేయించి, కుదించని ప్రతిని రెండు చోట్ల భద్రపరచండి. వెనుక పేర్లు, సంవత్సరం ఉంటే ఆ వైపు కూడా స్కాన్ చేయించండి. పంచుకునేందుకు మాత్రం వేరే చిన్న నకలు తీసుకోండి. కుదింపు ఎప్పుడూ నకలు మీదనే జరగాలి. అసలు మీద ఆర్.డిస్. ముద్ర వేసినట్లే భావించాలి.