కావలివాని పొరబాటు

2025 ఫిబ్రవరిలో, మిరప కల్లములలో కాయ ఎండుచున్న దినములలో, కాళ్లు చేతులు చచ్చుబడినవారు కొందరు గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో చేరిరి. వారిలో ప్రకాశము జిల్లా కొమరోలు మండలమునకు చెందిన యొక స్త్రీ ఆ నెల 16వ తేదీన మరణించెను. ఆ వ్యాధి పేరు గులియన్ బారే. పేరు వినినంతనే భయము కలుగుట సహజమే. కాని యిది ఒకరినుండి మరియొకరికి అంటునది కాదు.

1916లో ఫ్రాన్సు దేశమున గులియన్, బారే, స్ట్రోల్ అను వైద్యులు ఇద్దరు సైనికులలో దీనిని గుర్తించి వర్ణించిరి. మూలము తెలియుటకు చాలకాలము పట్టెను. ఈ వ్యాధికి దారితీయు అంటురోగములలో ముఖ్యమైనది కాంపైలోబాక్టర్ అను క్రిమివలన కలుగు విరేచనములు. చెడిన నీటితోను, సరిగా ఉడకని మాంసముతోను అది కడుపులో చేరును. దాని పైపొరలోని కొన్ని అణువులు మన నరములపైనున్న అణువులను పోలియుండును. క్రిమిని చంపుటకై శరీరము సిద్ధపరచిన ప్రతిరక్షకములు, ఆ పోలికచే మోసపోయి, నరములనే దెబ్బతీయును. దొంగకొఱకు పెట్టిన కావలివాడు చీకటిలో ఇంటివానినే కొట్టినట్లగును. అయితే ఆ క్రిమి సోకినవారిలో సుమారు వేయిమందికి ఒకరికే ఈ గతి పట్టును.

టీకా విషయమునను ఇట్టి పొరబాటు జరిగిన చరిత్ర కలదు. పిచ్చికుక్క కరచినవారికి బొడ్డుచుట్టు పదునాలుగు సూదులు వేయుట మన పెద్దలెరిగినదే. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ రూపొందించిన ఆ మందు గొఱ్ఱె మెదడునుండి తయారగునది. కూనూరులోని పాశ్చరు సంస్థయు దానిని తయారుచేసెడిది. అది ఎందరి ప్రాణములనో నిలిపినది. కాని మందుతోపాటు మెదడు పదార్థమును లోనికి పోవుటచే, కొందరిలో శరీరము తన మెదడుపైననే తిరుగబడెను. వారికి పక్షవాతము వచ్చెను. 1933లో అమెరికాలో థామస్ రివర్స్, ఆయన సహచరులు కోతులకు ఆరోగ్యవంతమైన మెదడు సారమును మాటిమాటికి ఎక్కించి, రోగక్రిమి లేకయే ఇట్టి వికారము కలుగునని చూపిరి.

దోషము తెలిసిన పిమ్మట శాస్త్రజ్ఞులు టీకాను పారవేయలేదు. అందులోని మెదడును తొలగించిరి. కణములలో పెంచిన క్రొత్త టీకాలు వచ్చినవి. 2004 డిసెంబరునాటికి మన దేశమున పాత మందు తయారీ నిలిచిపోయెను. నేడు ఆ సూది చేతికే వేయుదురు.

కావలివాడు ఒకమారు పొరబడెనని మనము ఇంటికి కావలి మానుకొనము గదా! నీటిని కాచి త్రాగుదము. కాళ్లలో తిమ్మిరియు నీరసమును పుట్టి పైకెక్కుచున్నచో, దిష్టియని తాత్సారము చేయక వెంటనే ఆసుపత్రికి పోవుదము. వేళకు వైద్యమందినవారిలో పెక్కుమంది మరల నడచుచున్నారు.