ఆన్‌లైన్ దరఖాస్తులో గడి ఖాళీగా వదిలేస్తే ఏమవుతుంది?

స్కాలర్‌షిప్ నుంచి వీసా దాకా ఇప్పుడు చాలా దరఖాస్తులు ఫోన్‌లోనే నింపేస్తున్నాం. తొందరలో ఒకటి రెండు గడులు వదిలేసి ‘సబ్మిట్’ నొక్కేస్తుంటాం. కాగితం మీదైతే కౌంటర్‌లోని ఉద్యోగి చూసి అడుగుతారు. వెబ్‌సైట్‌లో ఆ పని స్క్రిప్ట్ అనే ప్రోగ్రామ్ చేస్తుంది. ఖాళీ గడిని అది ఎలా అర్థం చేసుకుంటుందో తెలిస్తే, దరఖాస్తు తిరిగిరాకుండా జాగ్రత్తపడొచ్చు.

అన్ని ఖాళీలూ ఒకటేనా?

కావు.

• టెక్స్ట్ బాక్స్: ఏమీ రాయకపోయినా గడి పేరు సర్వర్‌కు చేరుతుంది. దాని విలువ మాత్రం ఖాళీగా ఉంటుంది.

• చెక్‌బాక్స్, రేడియో బటన్: టిక్ పెట్టకపోతే ఆ గడి ఊసే సర్వర్‌కు వెళ్లదు. మీరు ‘కాదు’ అన్నారో, అసలు ప్రశ్నే చూడలేదో స్క్రిప్ట్‌కు తెలియదు.

• డ్రాప్‌డౌన్: మీరు ముట్టుకోకపోయినా సాధారణంగా పైన కనిపించే ఆప్షనే జవాబుగా వెళ్తుంది. అక్కడ ‘ఎంచుకోండి’ అని కాకుండా ఏదో జిల్లా పేరు ఉంటే, అదే మీ జిల్లాగా నమోదవుతుంది.

సున్నా రాసినా ఎర్రర్ ఎందుకు?

ఆదాయం లేదని 0 రాస్తే, ‘ఈ వివరం తప్పనిసరి’ అని వచ్చిందా? పీహెచ్‌పీ భాషలోని ‘ఎంప్టీ’ అనే ఫంక్షన్ 0ను కూడా ఖాళీగానే లెక్కిస్తుంది. ప్రోగ్రామర్ దాన్నే నమ్ముకుంటే ఈ చిక్కు వస్తుంది. గడి వచ్చిందా, అందులో ఏమైనా ఉందా, ఉన్నది సరైనదేనా అని మూడూ విడివిడిగా చూడటం సరైన పద్ధతి. జవాబు రాని చోట స్క్రిప్ట్ తనంతట తాను 0 వేయకూడదు. ‘ఆదాయం సున్నా’ వేరు, ‘ఆదాయం చెప్పలేదు’ వేరు.

ఇందుకు పరిష్కారం ఉందా?

అమెరికా వీసా దరఖాస్తు డీఎస్-160 చూడండి. చాలా ప్రశ్నల పక్కన ‘వర్తించదు’ అని టిక్ పెట్టే వీలుంటుంది. పాస్‌పోర్టులో గివెన్ నేమ్ లేనివారు ఆ గడిలో ‘ఎఫ్ఎన్‌యూ’ అని రాయాలని ఫారమే చెబుతుంది. అంటే వివరం లేదన్న సంగతిని కూడా జవాబుగానే తీసుకుంటుంది.

మీరేం చేయాలి?

• సబ్మిట్‌కు ముందు ప్రివ్యూలో ప్రతి గడీ చూసుకోండి. ముఖ్యంగా మీరు ముట్టుకోని డ్రాప్‌డౌన్లు.

• ‘అవును/కాదు’ ప్రశ్నల్లో జవాబు ‘కాదు’ అయినా వదిలేయకుండా దాన్నే ఎంచుకోండి.

• 0 తీసుకోకపోతే వేరే అంకె వేయకండి. అది తప్పుడు సమాచారం ఇచ్చినట్టే. స్క్రీన్‌షాట్ తీసి హెల్ప్‌డెస్క్‌కు పంపండి.

• అక్నాలెడ్జ్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి మరోసారి చదవండి. అధికారి ముందుకు వెళ్లేది మీరు అనుకున్నది కాదు, అక్కడ నమోదైనదే.