ఒకటి ఒడ్డు చేరింది, ఒకటి చేరలేదు

1971 డిసెంబర్ 3, అర్ధరాత్రి.

పాకిస్తాన్ విమానాలు ఆ సాయంత్రమే మన పశ్చిమ సరిహద్దు వైమానిక స్థావరాల మీద బాంబులు వేశాయి. ప్రధాని ఇందిరాగాంధీ మాట్లాడతారని దేశం రేడియోల ముందు కూర్చుంది. ఉస్మానియా హాస్టళ్లలో, తార్నాక ఇళ్లలో మేలుకున్నవాళ్లూ ఆ గొంతు కోసమే చెవులు రిక్కించి ఉంటారు.

విశాఖ తీరంలో ఉన్నవాళ్లకు మాత్రం సముద్రం వైపు నుంచి పెద్ద పేలుడు వినిపించింది. ఇళ్ల కిటికీలు దడదడలాడాయి.

ఆ చీకట్లో నీళ్ల కింద ఉన్నది పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను ముంచాలని నవంబర్ 14న కరాచీలో బయలుదేరింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. అది విశాఖ దగ్గరే ఉందని శత్రువును నమ్మించేలా తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ కృష్ణన్ పథకం వేశారు. పాత డిస్ట్రాయర్ రాజ్‌పుత్ విక్రాంత్ పేరుతో సందేశాలు పంపింది. ఆ రాత్రి ఇందర్ సింగ్ సారథ్యంలో రేవు దాటుతున్న రాజ్‌పుత్, నీటిలో అనుమానాస్పదమైన కదలిక కనబడగానే డెప్త్ చార్జ్‌లు వదిలింది. తర్వాత పేలుడు.

ఘాజీ మునిగింది రాజ్‌పుత్ దెబ్బకేనని మన నౌకాదళం అంటుంది. లోపలి పేలుడో, ఘాజీయే పరిచిన మందుపాతరో కారణమని పాకిస్తాన్ అంటుంది. లోపలున్న 90 మందికి పైగా నావికుల్లో ఒక్కరూ బతకలేదన్నది మాత్రం ఇద్దరూ ఒప్పుకునే నిజం.

తెల్లారాక, డిసెంబర్ 4న, మన జలాంతర్గామి కుర్సురా అరేబియా సముద్రంలో గస్తీ ముగించుకుని బొంబాయి చేరింది. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో నౌకాదళంలో చేరిన ఆ నౌక 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి తీసుకునేసరికి 73,500 నాటికల్ మైళ్లు తిరిగింది. దాన్ని మ్యూజియంగా మార్చాలని వైస్ అడ్మిరల్ పస్రీచా ప్రతిపాదించారు. 91 మీటర్ల ఇనుప నౌకను విశాఖ ఆర్కే బీచ్ ఇసుక మీదికి చేర్చడానికి 18 నెలలు, సుమారు 5.5 కోట్ల రూపాయలు పట్టాయి. 2002 ఆగస్టులో తలుపులు తెరుచుకున్నాయి.

లోపలికి అడుగు పెట్టండి. ఒక గదిలోంచి మరో గదిలోకి వెళ్లాలంటే గుండ్రటి ద్వారంలో కాలు ముందు పెట్టి, నడుము వంచి దూరాలి. ముందు ఆరు, వెనుక నాలుగు టార్పెడో గొట్టాలు. టార్పెడోల పక్కనే పడక బల్లలు. నీటిపైన డీజిల్ ఇంజిన్లు బ్యాటరీలను నింపితే, నీటి కింద ఆ బ్యాటరీలే దిక్కు. దాదాపు 75 మంది అందులోనే వండుకున్నారు, నిద్రపోయారు, కాపలా కాశారు. ఘాజీలోని మనుషులూ ఇలాంటి ఇరుకులోనే బతికారు. ఆ రాత్రి వాళ్లకు పరుగెత్తడానికి చోటు లేదు. కుర్సురాలో నాలుగు అడుగులు వేస్తే గానీ ఈ మాట బరువు తెలియదు.

రోడ్డుకు అవతల, 2017 నుంచి సందర్శకులను ఆహ్వానిస్తున్న టీయూ 142 విమానం ఉంది. జలాంతర్గాములను వేటాడేందుకే పుట్టిన విమానమది. వేటగాడినీ, వేటనూ ఒకే పూటలో చూడొచ్చు.

సముద్రం ఎరగని దక్కన్ రాళ్ల మీద, ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ నీడలో చదువుకునే పిల్లలకు ఆ యుద్ధం పాఠ్యపుస్తకంలో ఒక పేరా. తార్నాకలో బస్సెక్కి సికింద్రాబాద్ చేరి, సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ పట్టుకుంటే తెల్లారేసరికి విశాఖ. ప్రతి కాలేజీ తన విద్యార్థులను ఒక్కసారైనా అక్కడికి తీసుకెళ్లాలి. కుర్సురాలో దారి చూపేది మాజీ నావికులే. వాళ్లను ఆపి అడగండి: నీటి కింద మొదటి రాత్రి ఎలా గడిచింది, భయం వేస్తే ఎవరికి చెప్పుకున్నారు అని. ఇనుముకు ఏటేటా రంగు వేసి కాపాడుకోగలం. వాళ్ల జ్ఞాపకాలను ఇప్పుడే అడిగి రాసుకోవాలి.