విదేశీ భాష చెప్పే టీచరుకు తనపై నమ్మకం ఎలా కలుగుతుంది?

లెక్కల మాస్టారు తన పాఠాన్ని మాతృభాషలో చెప్పుకోవచ్చు. ఇంగ్లీషో, ఫ్రెంచో, జర్మనో చెప్పే టీచరుకు ఆ వెసులుబాటు తక్కువ. అక్కడ నేర్పాల్సిందీ భాషే, నేర్పడానికి వాడాల్సిందీ ఆ భాషే. ఉచ్చారణలో చిన్న తప్పు దొర్లినా పిల్లలకు అది సబ్జెక్టు రాకపోవడంలాగే కనిపిస్తుంది. అందుకే ఈ టీచర్ల ఆత్మవిశ్వాసాన్ని విద్యా పరిశోధకులు విడిగా అధ్యయనం చేస్తున్నారు.

ఏమిటీ భావన?

మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బండూరా 1977లో స్వీయ సామర్థ్య విశ్వాసం అనే భావనను ప్రతిపాదించారు. ఫలానా పనిని ఫలానా పరిస్థితిలో చేయగలనా అని మనిషి వేసుకునే అంచనాయే ఇది. కాబట్టి ఒకే టీచరుకు వ్యాకరణం చెప్పడంలో ధీమా, సంభాషణ నేర్పడంలో బెరుకు ఉండవచ్చు.

అమెరికా పరిశోధకులు మేగన్ చానెన్-మోరన్, అనిటా వుల్ఫోక్ హోయ్ 2001లో టీచర్ల కోసం 24 ప్రశ్నల కొలమానం రూపొందించారు. బోధనా పద్ధతులు, పిల్లలను పాఠంలో నిమగ్నం చేయడం, తరగతి నిర్వహణ అనే 3 కోణాల్లో అది నమ్మకాన్ని కొలుస్తుంది.

నాలుగు మూలాలు

బండూరా లెక్కలో ఈ నమ్మకానికి ఆధారాలు 4.

మొదటిది, అన్నిటికన్నా బలమైనది, స్వానుభవం. నిన్న చెప్పిన పాఠం పిల్లలకు అందితే రేపటి పాఠానికి ధైర్యం వస్తుంది. కొత్త టీచర్లకు తొలి ఏడాది కీలకం కావడానికి కారణం ఇదే.

రెండోది, తనలాంటి మరొకరిని చూడటం. తనలాగే తెలుగు మీడియంలో చదివిన తోటి టీచరు ఇంగ్లీషు క్లాసు చక్కగా నడపడం చూస్తే కలిగే ధైర్యం, విదేశీ నిపుణుడి వీడియో చూస్తే కలగకపోవచ్చు.

మూడోది, ఇతరుల మాట. తనిఖీకి వచ్చిన అధికారి పిల్లల ముందే తప్పు పట్టడం ఒక రకం. విడిగా కూర్చోబెట్టి ఏం బాగుందో, ఏం మార్చాలో చెప్పడం మరో రకం.

నాలుగోది, శరీరం, మనసు ఇచ్చే సంకేతాలు. క్లాసులోకి అడుగుపెట్టగానే గుండె దడదడలాడితే, అది తన చేతకానితనానికి గుర్తని టీచరు అనుకునే ప్రమాదం ఉంది. విద్యార్థుల భాషా భయంపై 1986లో పేరొందిన అధ్యయనం చేసిన ఎలైన్ హార్విట్జ్, టీచర్లకూ అదే భయం ఉంటుందని 1996లో రాశారు.

భాష ఎంత వచ్చు?

వెనిజులా పాఠశాలల్లోని ఇంగ్లీషు టీచర్లపై 2005లో వెలువడిన చాకోన్ అధ్యయనంలో, తమకు ఇంగ్లీషు బాగా వచ్చని చెప్పిన వారిలో బోధనపై నమ్మకం కూడా ఎక్కువగా కనిపించింది. ఈ రెంటిలో ఏది కారణమో, ఏది ఫలితమో ఇలాంటి సర్వేతో తేలదు.

మాతృభాషీయుడే ఉత్తమ టీచరన్న అభిప్రాయం చాలామందిలో న్యూనత నింపుతుంది. దీన్ని రాబర్ట్ ఫిలిప్సన్ 1992లో ఒక భ్రమగా విమర్శించారు. ఆ భాషను కష్టపడి నేర్చుకున్న టీచరుకు, పిల్లలు ఎక్కడ తడబడతారో ముందే తెలుస్తుందని హంగరీ విద్యావేత్త పీటర్ మెజెష్ వాదించారు.

వ్యవస్థ పాత్ర

నమ్మకం మనిషి లోపల మాత్రమే పుట్టదు. 2014 అక్టోబరులో కేంద్రీయ విద్యాలయాల్లో విద్యాసంవత్సరం మధ్యలోనే మూడో భాషగా జర్మన్‌ను తొలగించి సంస్కృతం పెట్టాలని నిర్ణయించారు. సబ్జెక్టే ఉంటుందో లేదో తెలియనప్పుడు దాన్ని చెప్పే టీచరుకు ధీమా ఎక్కడిది?

తెలంగాణ ప్రభుత్వ బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం మొదలైనప్పుడు సైన్సు, సాంఘికశాస్త్రం టీచర్లపైనా కొత్త భాషా భారం పడింది. ఏళ్ల తరబడి తెలుగులో అలవోకగా చెప్పిన పాఠాన్నే మరో భాషలో చెప్పాల్సి వస్తే, పాత అనుభవం ఇచ్చిన ధైర్యమంతా కొత్త క్లాసులోకి రాదు.

నమ్మకమే నైపుణ్యమా?

కాదు. అతి ధీమా ఉన్న టీచరు నేర్చుకోవడం మానేయవచ్చు. కొంత సందేహం ఉన్నవారు రేపటి పాఠానికి మరింత సిద్ధమవుతారు. అయితే ఆ సందేహం నోరు కట్టేసే స్థాయికి చేరితే టీచరు బోర్డుకు, గైడుకు పరిమితమవుతారు. అప్పుడు పిల్లలకు ఆ భాష చెవిన పడే అవకాశమే తగ్గిపోతుంది. శిక్షణలో ఉపన్యాసాలు తగ్గించి, టీచర్లు పాఠం చెప్పి చూసుకునే సమయం, ఒకరి క్లాసు ఒకరు చూసే వీలు పెంచాలని బండూరా చెప్పిన మూలాలు సూచిస్తున్నాయి.