మారుపేరు మీద వచ్చిన మెయిల్

1980ల మొదట్లో అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం నుంచి మరో చోటికి ఈమెయిల్ పంపాలంటే అవతలి మనిషి పేరు తెలిస్తే చాలదు, చాలాసార్లు దారి కూడా తెలియాలి. ‘ఐహెచ్‌ఎన్‌పీ4!యూసీబీవ్యాక్స్!ఎరిక్’ అనే చిరునామానే చూడండి. ముందు ఇల్లినాయిస్‌లోని బెల్ ల్యాబ్స్ యంత్రానికి, అక్కణ్నుంచి బర్క్‌లీలోని వ్యాక్స్ యంత్రానికి, అక్కడ ఎరిక్‌కి అని దాని అర్థం. మధ్యలో ఏ యంత్రం మొరాయించినా కొత్త దారి వెతుక్కోవాల్సింది పంపేవాళ్లే.

ఇది యూయూసీపీ పద్ధతి. ఆర్పానెట్ అనే మరో నెట్‌వర్క్ వాళ్లకు 1971లో రే టామ్లిన్సన్ ఎంచుకున్న @ గుర్తు ఉంది. బర్క్‌లీ క్యాంపస్‌లోని బర్క్‌నెట్‌లోనైతే యంత్రం పేరుకూ మనిషి పేరుకూ మధ్య కోలన్ పెట్టేవారు. ఈ మూడూ ఒకే ప్రాంగణంలో కలిశాయి. అక్కడ ఇంగ్రెస్ డేటాబేస్ ప్రాజెక్టులో పనిచేస్తున్న ఎరిక్ ఆల్మన్‌కు కొత్త పని వచ్చిపడింది. ఆర్పానెట్ లైను ఇంగ్రెస్ వాళ్ల యంత్రానికే ఉండటంతో అందరూ అందులో ఖాతా అడగడం మొదలుపెట్టారు. ఖాతాలు పంచే బదులు, మెయిల్‌నే ఒక నెట్‌వర్క్ నుంచి ఇంకోదానికి దాటించేలా ఆల్మన్ ‘డెలివర్‌మెయిల్’ రాశాడు. ఆ తర్వాత అది బర్క్‌లీ వారి బీఎస్‌డీ యూనిక్స్‌తో పాటు బయటికి వెళ్లింది.

చిక్కంతా చిరునామా చదవడంలోనే. ‘అ!క@చ’ అని ఉంటే ఉత్తరం ముందు ఎక్కడికి పోవాలి? యూయూసీపీ లెక్కలో ‘అ’ యంత్రానికి, ఆర్పానెట్ లెక్కలో ‘చ’కి. డెలివర్‌మెయిల్‌లో ఇలాంటి నిర్ణయాలన్నీ ప్రోగ్రాంలోనే బిగించి ఉండేవి. పక్క ఊళ్లో నెట్‌వర్క్ అమరిక వేరుగా ఉంటే ప్రోగ్రాంను మళ్లీ కంపైల్ చేసుకోవాల్సిందే.

ఆల్మన్ అసలు గొప్పతనం తర్వాతి అడుగులో ఉంది. 1983లో 4.2 బీఎస్‌డీతో వచ్చిన ‘సెండ్‌మెయిల్’లో ఆ నిర్ణయాలను ప్రోగ్రాం నుంచి తీసి విడిగా ఒక ఫైల్లో పెట్టాడు. ఒక్కో నియమానికి ఎడమవైపు నమూనా, కుడివైపు తిరగరాత. ‘$+@$+’ అంటే ‘ఏదో ఒకటి, @, మరేదో ఒకటి’. వచ్చిన చిరునామా ఏ వేషంలో ఉన్నా మూడో నంబరు నియమావళి దాన్ని ఒకే రూపంలోకి తెస్తుంది. ఎవరికి, ఏ యంత్రానికి, ఏ పద్ధతిలో పంపాలో సున్నా నంబరు నియమావళి తేలుస్తుంది. ఎడమ, కుడి భాగాల మధ్య ఉండాల్సింది ట్యాబ్. అక్కడ మామూలు ఖాళీలు పడితే నియమం చెడేది, తెర మీద మాత్రం తేడా కనిపించేది కాదు. ఈ ఫైలు కొరుకుడు పడక ఎందరో సర్వర్ నిర్వాహకులు నిద్ర మానుకున్నారు. 1993లో ఓరైలీ సంస్థ గబ్బిలం బొమ్మ అట్టతో వేసిన సెండ్‌మెయిల్ పుస్తకం వాళ్లకు పెద్ద దిక్కయింది.

సెండ్‌మెయిల్‌లోని మారుపేర్ల ఫైలు మాత్రం ఎంతో సులువు. ‘పోస్ట్‌మాస్టర్: రూట్’ అని ఒక వరుస రాస్తే పోస్ట్‌మాస్టర్‌కు వచ్చినవన్నీ నిర్వాహకుల రూట్ ఖాతాకు చేరతాయి. మెయిల్ తీసుకునే ప్రతిచోటా పోస్ట్‌మాస్టర్ చిరునామా ఉండి తీరాలని 1982 నాటి ఈమెయిల్ ప్రమాణం ఆర్‌ఎఫ్‌సీ 822 చెప్పింది. ఉద్యోగి మారినా చిరునామా మారదు, ఫిర్యాదు చేసేవారికి కొత్త పేరు వెతుక్కునే పని ఉండదు. మెయిల్ సర్వర్ చేసే పనుల్లో మనిషికి ఇంతగా అక్కరకొచ్చేది మరొకటి లేదు.

మారుపేరు మెయిల్‌ను మనిషికే కాదు, ప్రోగ్రాంకూ అందించగలదు. ప్రమాదం అక్కడే పొంచి ఉంది. అప్పట్లో చాలా యంత్రాలు ‘డీకోడ్’ అనే మారుపేరుతో అమ్మకానికి వచ్చేవి. ఆ పేరుకు వచ్చిన మెయిల్‌ను విప్పి ఫైలుగా రాసేయడమే దాని పని. బయటివాళ్లు ఒక్క ఉత్తరంతో లోపలి ఫైళ్లను తిరగరాసే వీలు దొరికింది. ఆ వరుస తీసేయమన్నది ఏళ్ల తరబడి భద్రతా సలహాల్లో తప్పనిసరి అయింది.

1998లో ఐబీఎం పరిశోధకుడు వీట్సే వెనెమా విడుదల చేసిన పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ఈ తిరగరాత పనులను వేర్వేరు పట్టికలకు పంచింది. ‘కెనానికల్’ పట్టిక ఉత్తరం లోపలి హెడర్లనూ మారుస్తుంది. ‘వర్చువల్’ పట్టిక కవరు మీది గ్రహీతను మాత్రమే మార్చి, లోపలి రాతను ముట్టుకోదు. ఈ తేడా తెలియకుండా పట్టిక ఎంచుకుంటే, దారి మళ్లించాలనుకున్న ఉత్తరంలో ‘ఎవరికి’ అన్న చోట పేరే మారిపోతుంది.

స్పామ్ మీద పోరు పెరిగాక నమ్మకంగా దారి మళ్లించే సర్వర్లకూ కష్టం వచ్చింది. పంపిన సర్వర్‌కు కవరు మీది పంపినవారి డొమైన్ తరఫున పంపే హక్కు ఉందో లేదో ఎస్‌పీఎఫ్ చూస్తుంది. మధ్యవర్తి సర్వర్‌కు ఆ హక్కు ఉండదు కనుక అది అనుమానితురాలవుతుంది. అందుకే మళ్లించేటప్పుడు కవరు మీది పంపినవారి చిరునామానూ తిరగరాసే ఎస్‌ఆర్‌ఎస్ పద్ధతి పుట్టింది.

తెలుగువారికి ఈ మారుపేర్ల సంగతి మరీ దగ్గరి విషయం. 2011లో ‘.భారత్’ డొమైన్ తెలుగు లిపిలోనూ ఇంటర్నెట్ మూలపట్టికలోకి చేరింది. 2012 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6531తో @కు ఎడమవైపున కూడా తెలుగు రాసుకునే వీలు కలిగింది. పోస్ట్‌ఫిక్స్ 2015లో, 3.0 వెర్షన్‌లో దాన్ని అందుకుంది. కానీ అవతలి సర్వర్‌కు ఈ కొత్త పద్ధతి రాకపోతే తెలుగు చిరునామా నుంచి వెళ్లిన ఉత్తరం వెనక్కి వస్తుంది. అంతకుముందు 2008లో తెచ్చిన ప్రయోగాత్మక ప్రమాణంలో దారిలోనే పాత రూపానికి మార్చే ఏర్పాటు ఉండేది, అది చిక్కులు తేవడంతో వదిలేశారు. కాబట్టి ఇవాళ తెలుగు చిరునామా ఇచ్చేవారు దానికి జతగా ఇంగ్లిష్ అక్షరాల మారుపేరు ఒకటి ఇచ్చి, రెంటికీ వచ్చిన మెయిల్ ఒకే పెట్టెలో పడేలా చూడాలి.